సహజం అన్న మాట మందుచీటీ కాదు

నలభై దాటిన స్త్రీకి నిద్ర సరిగా పట్టదు. ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు వస్తాయి. ముట్టు ఒక నెల ముందుగా, మరొక నెల ఆలస్యంగా వస్తుంది. చిన్న మాటకే కోపం, కాసేపటికే కన్నీళ్ళు. ఇంట్లో ఎవరికి చెప్పుకున్నా "వయసు వచ్చింది, సర్దుకోవాలి" అన్న సమాధానమే వినిపిస్తుంది. సరిగ్గా ఆ సమయంలో ఒక చిన్న డబ్బా ఆమె చేతికి వస్తుంది. అమెరికాలో ఉన్న కూతురు పెట్టెలో పెట్టి తెచ్చినది కావచ్చు. అంతర్జాలంలో ప్రకటన చూసి తెప్పించుకున్నది కావచ్చు. దాని మీద "సహజ ప్రొజెస్టెరోన్ క్రీము" అనీ, "హార్మోన్ల సమతుల్యతకు" అనీ రాసి ఉంటుంది. రోజూ కొంచెం తీసుకొని ముంజేతికో, పొట్టకో, తొడకో రాసుకుంటే చాలునట. డాక్టరు అక్కరలేదు, పరీక్షలు అక్కరలేదు, దుష్ఫలితాలు లేనే లేవట.

ఈ వ్యాసం ఆ డబ్బాకు వ్యతిరేకంగా రాస్తున్నాను. నేను చెప్పదలచినది సూటిగా ఇది: ఆ క్రీములో శరీరం మీద పనిచేసేటంత హార్మోను ఉంటే అది మందు, మందును పరీక్షించకుండా, మోతాదు నిర్ణయించకుండా వాడరాదు. పనిచేసేటంత హార్మోను లేకపోతే అది చర్మానికి రాసుకునే లేపనం మాత్రమే. దానికి ఆ ధర పెట్టడం, ఆ వాగ్దానాలు చేయడం మోసం. ఈ రెండింటిలో ఏది నిజమైనా ఆ అమ్మకం తప్పే. మన ఆంధ్ర స్త్రీల విషయంలో ఆ తప్పు మరింత పెద్దది. ఎందుకో చెప్పడానికి ముందు ఆ హార్మోను ఏమి చేస్తుందో తెలుసుకోవాలి.

ప్రొజెస్టెరోన్ చేసే పని

అండాశయం నుంచి నెలకొకసారి అండం విడుదల అవుతుంది. అండం వెలువడిన చోట మిగిలిన కణజాలం పసుపుపచ్చని చిన్న గ్రంథిగా మారి, సుమారు రెండు వారాలపాటు ప్రొజెస్టెరోన్‌ను తయారు చేస్తుంది. అంతకు ముందు రెండు వారాలలో ఈస్ట్రోజన్ అనే హార్మోను గర్భాశయపు లోపొరను మందంగా పెంచి ఉంటుంది. ప్రొజెస్టెరోన్ ఆ పెరుగుదలను ఆపి, పిండం నిలవడానికి అనువుగా ఆ పొరను సిద్ధం చేస్తుంది. గర్భం రాకపోతే ప్రొజెస్టెరోన్ పడిపోతుంది, పొర ఊడి ముట్టు వస్తుంది. గర్భం వస్తే ప్రొజెస్టెరోన్ కొనసాగి ఆ గర్భాన్ని నిలుపుతుంది.

కనుక ఈ హార్మోను మొదటి కార్యక్షేత్రం గర్భాశయం. దీనికి నిజమైన వైద్యోపయోగాలు ఉన్నాయి; వాటిని నేను తక్కువ చేయడం లేదు. రజోనివృత్తి తరువాత ఈస్ట్రోజన్ వాడే స్త్రీకి గర్భాశయం ఉన్నట్లయితే, లోపొర అదుపు తప్పి క్యాన్సరుగా మారకుండా ప్రొజెస్టెరోన్ తప్పనిసరిగా ఇవ్వాలి. నోటి ద్వారా అయితే రోజుకు 100 మిల్లీగ్రాములు విడవకుండా, లేదా నెలలో 12 రోజులు 200 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు. బ్రిటన్‌లో 48 ఆసుపత్రులలో 4,153 మంది గర్భిణులపై జరిగి 2019లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, తొలి నెలల్లో రక్తస్రావం కనిపించిన వారందరినీ కలిపి చూస్తే ప్రొజెస్టెరోన్ వలన గట్టి ప్రయోజనం తేలలేదు; కాని అంతకుముందు మూడు లేక అంతకంటె ఎక్కువ గర్భస్రావాలు జరిగిన వారిలో మేలు కనిపించింది. ఆ స్త్రీలకు ఇచ్చినది క్రీము కాదు. 400 మిల్లీగ్రాముల మందు, రోజుకు రెండుసార్లు, యోనిమార్గం ద్వారా. ఎవరికి, ఎంత, ఏ మార్గంలో, ఎన్ని రోజులు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు ఉన్నప్పుడే హార్మోను మందు అవుతుంది. డబ్బా మీద రాసిన "రోజూ కొంచెం" అన్న మాట ఈ నాలుగింటిలో ఒక్కదానికీ జవాబు కాదు.

సహజం అంటే ఏమిటి?

ఈ క్రీముల ప్రకటనలలో తరచుగా ఒక దుంప బొమ్మ కనిపిస్తుంది. అది మన పెండలం దుంప జాతికి చెందిన అడవి దుంప. దాని వెనుక ఒక నిజమైన కథ ఉన్నది. 1940ల తొలినాళ్ళలో రసెల్ మార్కర్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త మెక్సికో అడవి దుంపలలో ఉండే డయోస్జెనిన్ అనే పదార్థాన్ని ప్రయోగశాలలో వరుస రసాయన చర్యలకు గురిచేసి ప్రొజెస్టెరోన్‌గా మార్చాడు. అంతవరకు జంతువుల గ్రంథుల నుంచి అతి స్వల్పంగా లభిస్తూ బంగారం కంటె ఖరీదైన ఆ హార్మోను దానితో చౌకయింది. 1944లో మెక్సికోలో సింటెక్స్ అనే సంస్థ ఆ పునాది మీదనే ఏర్పడింది.

గమనించవలసినది ఇది: ఆ మార్పు జరిగినది ప్రయోగశాలలో. మన శరీరానికి ఆ మార్పు చేసే శక్తి లేదు. దుంప సారం మాత్రమే కలిపిన క్రీమును ఎంత రాసుకున్నా ఒంట్లో ప్రొజెస్టెరోన్ పుట్టదు. ఇక నిజంగానే ప్రొజెస్టెరోన్ కలిపిన క్రీములో ఉన్నది మందుల దుకాణంలో దొరికే ప్రొజెస్టెరోన్ క్యాప్సూల్‌లో ఉన్న అణువే. మన శరీరంలో తయారయ్యే దానితో అచ్చంగా సమానమైనది కనుక దానిని "సహజ" అంటారు. ఆ క్యాప్సూల్ పెట్టె మీద కూడా సహజం అనే ఉంటుంది. దాని పక్కనే అది షెడ్యూల్ హెచ్ మందు అనీ, రిజిస్టర్డ్ వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదనీ హెచ్చరిక ఉంటుంది. అదే అణువు క్రీము డబ్బాలోకి మారగానే ఆ హెచ్చరిక అనవసరం ఎట్లా అయింది?

అనకాపల్లి వారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. మన ఊరి బెల్లం దేశమంతటా పేరు పొందినది. బెల్లం సహజమే. అంతమాత్రాన మధుమేహ రోగి బెల్లం పానకం చెంబుల కొద్దీ తాగవచ్చునని ఈ ఊళ్ళో ఎవరైనా అంటారా? పైగా, బంగారు రంగుతో మెరిసే దిమ్మను చూసి మురిసిపోకూడదనీ, ఆ రంగు కోసం హైడ్రోస్ కలిపి ఉండవచ్చుననీ మన మార్కెట్టు యార్డులో చిన్న పిల్లవాడికైనా తెలుసు. బెల్లం కొనేటప్పుడు చూపే ఆ జాగ్రత్తలో సగం హార్మోను కొనేటప్పుడు చూపమని నా మనవి.

ఈ నమ్మకం ఎక్కడ పుట్టింది?

1990లలో జాన్ లీ అనే కాలిఫోర్నియా వైద్యుడు ఈ క్రీముకు గొప్ప ప్రచారకుడయ్యాడు. నడివయసు స్త్రీల బాధలు చాలావరకు "ఈస్ట్రోజన్ ఆధిపత్యం" వలన వచ్చేవనీ, ప్రొజెస్టెరోన్ క్రీముతో ఆ తూకం సరిపడుతుందనీ ఆయన పుస్తకాలు రాశాడు. అవి లక్షల మంది చదివారు. తరువాత 2002లో అమెరికాలో 16,608 మంది స్త్రీలపై జరుగుతున్న ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అధ్యయనంలో ఒక భాగాన్ని మధ్యలోనే ఆపివేశారు. ఈస్ట్రోజన్‌తో పాటు మెడ్రాక్సీప్రొజెస్టెరోన్ అనే కృత్రిమ హార్మోను వాడిన వారిలో ఏడాదికి ప్రతి 10,000 మందిలో 8 మందికి అదనంగా రొమ్ము క్యాన్సరు వచ్చినట్లు తేలింది. ప్రపంచమంతటా స్త్రీలు హార్మోను బిళ్ళలు భయంతో మానివేశారు. ఆ భయం విడిచిన ఖాళీలోకి "మాది సహజమైనది" అంటూ క్రీములు ప్రవేశించాయి.

భయం న్యాయమైనదే. దాని నుంచి తీసిన ముగింపు న్యాయమైనది కాదు. ఒక మందుకు హాని ఉన్నదని పెద్ద అధ్యయనం తేల్చితే, అటువంటి అధ్యయనమే జరగని మరొక మందు సురక్షితమని ఎట్లా రుజువవుతుంది? హాని వెతకకపోవడం వేరు, హాని లేకపోవడం వేరు.

క్రీముపై చిన్న అధ్యయనాలు కొన్ని జరిగాయి. అవి ఏమి చెప్పాయో దాచకుండా చెబుతాను. 1999లో అమెరికాలో 102 మంది స్త్రీలపై ఏడాదిపాటు జరిగిన పరిశీలనలో రోజుకు 20 మిల్లీగ్రాముల క్రీము ఆవిర్లను తగ్గించినట్లు కనిపించింది. ఎముకల గట్టిదనంలో మాత్రం తేడా లేదు. అమ్మేవారు మొదటి సగమే చెబుతారు. 2003లో ఆస్ట్రేలియాలో 80 మందిపై 32 మిల్లీగ్రాములతో జరిగిన పరిశీలనలో ఆవిర్లకు, మనఃస్థితికి, ఎముకలకు దేనికీ ప్రయోజనం కనిపించలేదు. 2009లో బ్రిటన్‌లో 223 మందికి 5 మొదలు 60 మిల్లీగ్రాముల వరకు నాలుగు మోతాదులలో ఇచ్చి చూశారు; ఉత్తుత్తి క్రీము రాసుకున్న వారికీ వీరికీ తేడా తేలలేదు. మోతాదు పెంచినకొద్దీ ఫలితం పెరగకపోతే, మొదట కనిపించిన ఫలితాన్ని కూడా అనుమానించడమే శాస్త్రం.

"నాకు తగ్గింది కదా" అని మీరు అనవచ్చును. మీ మాటను నేను అబద్ధం అనను. ఆవిర్లు కొన్ని నెలలు హెచ్చి, కొన్ని నెలలు తగ్గడం వాటి స్వభావం. హెచ్చినప్పుడే మనం మందు మొదలుపెడతాము. తగ్గినప్పుడు ఆ కీర్తి మందుకు దక్కుతుంది. ఉత్తుత్తి క్రీము రాసుకున్న స్త్రీలు కూడా ఆ అధ్యయనాలలో తమకు తగ్గిందనే చెప్పారు. అందుకే ఒక్కరి అనుభవం మీద మందును నిర్ణయించరు.

మన ఆంధ్రలో ఈ ప్రశ్న మరింత తీవ్రమైనది

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.3 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.7 మంది, తెలంగాణలో 8.2 మంది. దేశంలో ఇంత హెచ్చు నిష్పత్తి మన రెండు రాష్ట్రాలదే. యాభై నిండకముందే ప్రతి పన్నెండు మందిలో ఒకరికి గర్భసంచి లేదు. అనవసరంగా గర్భసంచి తీసివేసే ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది.

ఆ స్త్రీలలో కొందరికి గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసివేశారు. అటువంటి స్త్రీకి ముప్పై అయిదేళ్ళకే రజోనివృత్తి వచ్చినట్లు. మన దేశంలో సహజంగా ముట్లు ఆగే వయసు సుమారు 46–47 ఏళ్ళు. ఆ మధ్య పది పన్నెండేళ్ళు ఆమె ఎముకలు, గుండె, నిద్ర, మనసు అన్నీ ఈస్ట్రోజన్ కొరతను భరిస్తాయి. ఆమెకు లోపించినది ప్రధానంగా ఈస్ట్రోజన్. వేరే అడ్డంకులు లేకపోతే, సహజంగా ముట్లు ఆగే వయసు వరకు ఆమెకు ఈస్ట్రోజన్ ఇవ్వాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. గర్భాశయమే లేదు కనుక దాని లోపొరను కాపాడే ప్రొజెస్టెరోన్ సాధారణంగా ఆమెకు అక్కరలేదు.

ఆమె చేతికి ఈ క్రీము ఇవ్వడమంటే ఏమిటో ఆలోచించండి. ఎవరి ఒంట్లో ప్రొజెస్టెరోన్‌కు ప్రధాన కార్యక్షేత్రమే లేదో ఆమెకు ప్రొజెస్టెరోన్ అమ్ముతున్నారు. ఎవరికి ఈస్ట్రోజన్ అడుగంటిపోయిందో ఆమెతో "నీకు ఈస్ట్రోజన్ ఎక్కువైంది" అని చెబుతున్నారు. దాహంతో ఉన్నవాడికి నీళ్ళు ఎక్కువయ్యాయని ఉప్పు పెట్టడం వంటిది ఇది. ఆమె క్రీము రాసుకుంటూ "ఏదో వైద్యం చేయించుకుంటున్నాను" అన్న ధైర్యంతో ఉంటుంది. ఆ ఏళ్ళలో ఎముకలు లోపల గుల్లబారుతూనే ఉంటాయి.

గర్భాశయం ఉన్న స్త్రీకి ప్రమాదం మరొక వైపు నుంచి వస్తుంది. బిళ్ళలకు భయపడి, ఈస్ట్రోజన్‌తో పాటు వాడవలసిన ప్రొజెస్టెరోన్ బదులు క్రీము చాలుననుకునేవారు ఉన్నారు. 2005లో బ్రిటన్‌లో వెలువడిన ఒక పరిశీలనలో ఈస్ట్రోజన్‌తో పాటు రోజుకు 40 మిల్లీగ్రాముల ప్రొజెస్టెరోన్ క్రీమును 48 వారాలు వాడి చూశారు. గర్భాశయపు లోపొరకు అది చాలినంత రక్షణ ఇవ్వలేదు. రక్షణ ఉన్నదనుకొని రక్షణ లేకుండా ఉండడం కంటె పెద్ద ప్రమాదం లేదు.

రక్తస్రావాన్ని "సమతుల్యత" అనకండి

ఈ వ్యాసంలో ఒక్క మాట గుర్తు పెట్టుకోదలిస్తే ఇది పెట్టుకోండి. ముట్లు ఆగి ఏడాది గడచిన తరువాత ఒక్క చుక్క రక్తం కనిపించినా అది హార్మోన్ల తూకం తప్పడం అని మీకు మీరే నిర్ణయించుకోకండి. గర్భాశయపు లోపొర క్యాన్సరు వచ్చిన స్త్రీలలో నూటికి తొంభై మందికి ముందుగా కనిపించే లక్షణం అదే. అట్లా రక్తం కనిపించిన వారందరికీ క్యాన్సరు ఉండదు. సుమారు నూటికి తొమ్మిది మందిలో ఉంటుంది. ఆ తొమ్మిది మందిలో మీరు ఉన్నారో లేరో అల్ట్రాసౌండ్, అవసరమైతే లోపొర నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష చెబుతాయి. క్రీము చెప్పదు. తొలి దశలో పట్టుకుంటే ఈ క్యాన్సరు చాలామందిలో నయమయ్యేదే. "మూడు నెలలు రాసి చూద్దాం" అన్న ఆ మూడు నెలలే దాని ధర.

నీరసం విషయమూ అంతే. అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉన్నది. సగం కంటె ఎక్కువ మందికి రక్తమే తక్కువగా ఉన్న చోట అలసట, గుండెదడ, చిరాకు, జుట్టు రాలడం కనిపిస్తే మొదట చూడవలసినది హిమోగ్లోబిన్. తరువాత థైరాయిడ్, రక్తంలో చక్కెర. వాటిని వదిలి "హార్మోన్ల సమతుల్యత" అనడం ఇంటి పైకప్పు కారుతుంటే గోడలకు రంగు వేయడమే.

"సమతుల్యత" అన్న మాట కూడా పరిశీలించండి. అండం విడుదలైన తరువాత ప్రొజెస్టెరోన్ రక్తంలో ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఒక్క రోజులోనే గంటగంటకు మారుతుంది. ముట్టు మొదటి రోజున తీసిన నమూనాకూ, ఇరవై ఒకటవ రోజున తీసిన నమూనాకూ పోలికే లేదు. ఏ రోజుకు ఎంత ఉంటే సమతుల్యం? ఆ అంకె అమ్మేవారు చెప్పరు. అటువంటి అంకె లేదు కనుక చెప్పలేరు. కొందరు లాలాజల పరీక్ష చూపుతారు. క్రీము రాసుకున్న వారి లాలాజలంలో హార్మోను అమితంగా కనిపించి, రక్తంలో స్వల్పంగా ఉండడం పరిశోధకులు చూసినదే. ఆ పరీక్ష మీద ఆధారపడి మోతాదు నిర్ణయించడం చెల్లదు.

చట్టం ఏమంటుంది?

బ్రిటన్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ ప్రొజెస్టెరోన్ చీటీ మీదనే ఇవ్వవలసిన మందు. యూరప్ సమాఖ్య సౌందర్య సాధనాలలో ఈ వర్గపు హార్మోన్లను నిషేధించింది. అమెరికాలో మాత్రం అవి సౌందర్య సాధనాల వరుసలో అమ్ముడుపోతున్నాయి. అక్కడి అంగడిలో దొరకడం భద్రతకు ప్రమాణం కాదు. అది ఆ దేశపు చట్టంలో ఉన్న సందు. మన దేశంలో 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ముట్టు దోషాలను సరిచేస్తామని మందును ప్రకటించడాన్నే నిషేధించింది. ఆ చట్టం పాతదే. అందులోని వివేకం పాతబడలేదు.

వైద్యులకూ ఒక మాట

ఈ క్రీములకు గిరాకీ పెంచినది అమ్మేవారి తెలివి ఒక్కటే కాదు. నలభై అయిదేళ్ళ స్త్రీ ఆవిర్లు, నిద్రలేమి, పొడిదనం గురించి చెప్పబోతే రెండు నిమిషాలు కూడా వినని వైద్యం, ఎక్కువ రక్తస్రావం అనగానే గర్భసంచి తీసివేద్దామనే వైద్యం ఆ గిరాకీని పెంచాయి. ఆపరేషన్ అయిన స్త్రీకి అండాశయాలు ఉంచారో తీసివేశారో చెప్పి పంపకపోవడం అపరాధం. డబ్బా అమ్మే మనిషి ఆమె చెప్పేది ఓపికగా వింటాడు. అతని సరుకు చెడ్డదైనా ఆ ఓపిక మంచిది. మన వృత్తి ఆ ఓపికను అతని నుంచి తిరిగి తీసుకోవాలి.

మీరు చేయవలసినవి

గర్భసంచి ఆపరేషన్ అయి ఉంటే ఆనాటి డిశ్చార్జి కాగితం వెతికి తీయండి. అండాశయాలు ఉన్నవో లేవో అందులో చూడండి. అర్థం కాకపోతే ఏ స్త్రీవైద్య నిపుణుల వద్దకైనా తీసుకువెళ్ళి చదివించుకోండి. నలభై అయిదేళ్ళలోపు ముట్లు ఆగిపోతే దానిని వయసు మీద తోసివేయకుండా చూపించుకోండి. ఆవిర్లు బతుకును కష్టపెడుతుంటే ఈస్ట్రోజన్ గురించి సూటిగా అడగండి. రొమ్ము క్యాన్సరు, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం వంటివి ఉండి అది వాడరానివారికి హార్మోను లేని మందులు కూడా ఉన్నాయి. అటువంటి వ్యాధులు ఉన్నవారు ఈ క్రీము జోలికి అసలే పోవద్దు. గర్భిణులు దీని మీద ఆధారపడవద్దు. ఇప్పటికే రాసుకుంటున్నవారు ఆ డబ్బాను దాచకుండా వైద్యుని ముందు పెట్టండి.

మన ఎన్టీఆర్ ఆసుపత్రిలోనో, విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలోనో ప్రసూతి, స్త్రీవ్యాధుల విభాగానికి వెళ్ళండి. క్యాన్సరు అనుమానం వస్తే అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మనకు దగ్గరలోనే ఉన్నది. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఒక విన్నపం: తల్లికి డబ్బా తేవడానికి బదులు, వచ్చినప్పుడు ఒక పూట ఆమెను వెంటబెట్టుకొని ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఆమె బాధ నిజమైనది. దానికి నిజమైన వైద్యం అందాలి.